దొరగారి పళ్లు

వదిన కుట్టుగది. రాత్రి ఎనిమిదిన్నర. పక్క వాటాలో ఉండే మరిది, పని మానుకున్న పళ్ల డాక్టరు, ఎప్పటిలాగే కాఫీకి వచ్చి కూర్చున్నాడు.

“జూన్ పదకొండు. ఆ రాత్రి మనం ముగ్గురం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. నువ్వు రెండు తిన్నావు, మీ అన్నయ్య మూడు తిన్నారు.”

“ఎప్పటివో గుడ్లు ఇప్పుడెందుకు వదినా?”

“గుడ్లు కాదు, వాటి పెంకులు. నలగ్గొట్టి నా పూలకుండీల చుట్టూ చల్లాను. గరుకు మీద నత్తలు పాకవని ఎవరో చెప్తే.”

“పాకవు. నిజమే.”

“పాకలేదు. పొద్దున చూస్తే ఒక్క నత్త లేదు.”

“చూశావా. పెంకులు పనిచేశాయి.”

“పెంకుల మీద చెప్పు జాడ కూడా ఉంది.”

“నత్తలకి చెప్పులెక్కడివి?”

“ఎడమకాలి చెప్పు. మడమ దగ్గర అరిగిపోయింది. నీ కాళ్లు బల్ల కింద నించి కాస్త ఇవతల పెట్టు.”

“చలిగా ఉంది వదినా.”

“ఉంటుంది, ఉంటుంది. జూన్‌లో మొదలైంది, ఇప్పుడు సెప్టెంబరు. తెల్లారకముందే మన రెండు వాటాల మధ్య పిట్టగోడ దాటి ఎవరో ఇటు దిగుతున్నారు. పువ్వు తుంచరు. కుండీ కదపరు. నత్తలు మాత్రం ఏరుకుపోతారు.”

“మంచి దొంగ. నీకు పని తప్పించాడు. కాఫీ ఇస్తావా, ఇవ్వవా?”

“ఇదిగో.”

“మళ్లీ అరకప్పే. ఊళ్లో వదినలందరూ కప్పు నిండా పోస్తారు తెలుసా?”

“అయితే ఊళ్లో వదినల దగ్గరికే వెళ్లు. తాగు, చల్లారిపోతుంది. ఆ దొంగ గొడవ ఇక లేదులే. రేపట్నించి రాడు.”

“ఎందుకు రాడు?”

“నత్తలుంటేగా. మందు తెచ్చాను. అదిగో, ఆ డబ్బాలో. నీలం గుళికలు. పడుకోబోయే ముందు చల్లేస్తాను.”

“ఏం మందు?”

“నత్తల మందు. తిన్నవి తిన్నచోటే పోతాయట.”

“వద్దు.”

“ఏం?”

“ప్రమాదం. పిల్లలెవరైనా...”

“ఈ మేడ మీద అందరికంటే చిన్నవాడివి నువ్వే. అరవై రెండు.”

“పక్షులు. పక్షులు నత్తల్ని తింటాయి. మందు తిన్న నత్తని తింటే అవీ పోతాయి. చల్లకు వదినా. ఈ ఒక్క రాత్రికి చల్లకు.”

“ఆ పక్షి గుండ్రంగా ఉంటుందా?”

“ఏ పక్షి?”

“కోపమొస్తే ఉబ్బుతుందా? నీ హాల్లో గాజుతొట్టిలో ఉంటుందా?”

“ముందు ఆ డబ్బా మూత పెట్టు. చెప్తాను.”

“చెప్పు. తర్వాత పెడతాను.”

“దొరగారి కోసమే.”

“ఆ చేప కోసమా?”

“చేప అనకు. ఆ ఇంట్లో నేను లోపలికి రాగానే తోకాడిస్తూ ఎదురొచ్చేది వాడొక్కడే. వాడి పళ్లు ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి వదినా, మన గోళ్లలాగా. పెంకున్నవి కొరికితేనే అరుగుతాయి. అరక్కపోతే చివరికి నోరు మూసుకుపోతుంది. ఎదురుగా తిండి పెట్టుకుని పస్తుంటాడు.”

“మరి వాణ్ణి తెచ్చిన ఈ నాలుగేళ్లూ ఏం పెట్టావు?”

“మెత్తనివి. ఎర్ర పురుగులు. అద్దం దగ్గరికొచ్చి ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుతూ అడిగేవాడు. కాదనలేకపోయాను.”

“ముప్ఫై ఏళ్లు ఊళ్లో పిల్లలందరి చేతా చాక్లెట్లు మాన్పించావు.”

“మాన్పించాను.”

“నా అరవయ్యో పుట్టినరోజున కేకు మీద క్రీమంతా నువ్వే గీకి తినేశావు.”

“దెప్పు వదినా. ఇవాళ నీ రోజు.”

“అడిగితే నేనే ఏరి గిన్నెలో వేసి ఇచ్చేదాన్నిగా. చీకట్లో ఆ గోడ దూకుళ్లేంటి?”

“అడిగితే నువ్వింకోటి అడుగుతావు.”

“ఏమడుగుతాను?”

“అదే.”

“వేలమంది నోళ్లు చూసిన డాక్టరువి, పిడికిలంత చేప పళ్లు నువ్వే కత్తిరించొచ్చుగా అనా?”

“చూశావా, అడగనే అడిగావు.”

“జవాబు చెప్పు.”

“నోరు తెరవమంటే తెరవడు.”

“లవంగనూనె చుక్కలు కలిపిన నీళ్లలో ఉంచితే మత్తుగా పడుకుంటాడని నువ్వే చెప్పావు, వాణ్ణి తెచ్చిన రోజున.”

“చెప్పానా? కళ్లజోడు పాతదైపోయింది వదినా.”

“పోయిన నెలే మార్చావు.”

“పనిముట్లు తుప్పుపట్టి...”

“ప్రతి ఆదివారం తుడుస్తావు. ఆ చప్పుడు ఈ గోడకి వినిపిస్తుంది.”

“నువ్వు బట్టలు కుట్టడం మానేసి పోలీసుల్లో చేరాల్సింది.”

“మాట మార్చకు.”

“చెయ్యి వణుకుతోంది.”

“ఏ చెయ్యి?”

“కుడి చెయ్యి. క్లినిక్ మూసెయ్యడానికి ఏడాది ముందు నించీ. ఓ రోజు ఒకావిడ పెదవికి పనిముట్టు గీసుకుంది. చిన్నదే, ఆవిడ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వారమే బోర్డు దించేశాను. విశ్రాంతి కావాలని అందరికీ చెప్పాను. మనుషులకైతే నొప్పి అనడానికి నోరుంది. వాడికి అదీ లేదు. మొన్నటినించి చిన్న నత్తలు తింటున్నాడు, పెద్దవి కొరకలేక ఉమ్మేస్తున్నాడు.”

“అయితే ఇక నత్తలతో గడవదు.”

“గడవదు. కత్తిరించాల్సిందే. ఎలాగో తెలీదు. నువ్వు మాత్రం ఆ మందు చల్లకు, ఉన్న ఆ నాలుగు చిన్నవీ పోతాయి.”

“ఆ డబ్బా ఇలా తీసుకో. దగ్గరగా చూడు. కొత్త కళ్లజోడేగా.”

“వీటికి నాలుగేసి కన్నాలున్నాయేంటి?”

“చొక్కా గుండీలకి నాలుగే ఉంటాయి.”

“గుండీలా? నీకు జాలనేది ఉందా అసలు?”

“ఉండబట్టే గుండీలు. ఇటు చూడు, సూది పట్టుకున్నాను. నా చెయ్యి కదులుతోందా?”

“లేదు.”

“రోజుకి ముప్ఫై కాజాలు కుట్టే చెయ్యి. ఆదివారం పొద్దున నూనె నువ్వు కలుపు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత తియ్యాలో నువ్వు చెప్పు. కత్తెర నేను పడతాను.”

“జన్మలో చేపని ముట్టుకోనని ఒట్టేసుకున్నావుగా?”

“ఆ ఒట్టు ఆదివారం దాకా ఆ గుండీల డబ్బాలో దాచుకో.”

“ఒక్క నిమిషంలో అయిపోవాలి వదినా. ఎక్కువసేపు మత్తులో ఉంచితే లేవకపోవచ్చు.”

“నిమిషంలో రెండు గుండీలు కుడతాను. నువ్వు పక్కన నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. వాడు లేచేటప్పటికి తెలిసిన మొహం ఎదురుగా ఉండాలి.”

“వదినా.”

“ఊఁ.”

“అన్నయ్యకి చెప్పకు.”

“చేప సంగతా?”

“చేతి సంగతి. తెలిస్తే స్కూటరు తాళాలు లాక్కుంటాడు. డాక్టర్ల చుట్టూ తిప్పుతాడు. అవైనా పరవాలేదు, ఎదురుగా కూర్చుని నా వంక చూస్తాడు. చిన్నప్పుడు నా మోకాలు చీరుకుపోతే తను ఏడ్చేవాడు. మూడేళ్లు దాచాను. ఇప్పుడు చెప్పకు.”

“చెప్పనులే. కప్పు అక్కడ పెట్టి వెళ్లి పడుకో. గోడ దూకకు, తలుపులోంచి వెళ్లు.”

“నీ పిసినారితనం మాత్రం అన్నయ్యకి చెప్పి తీరతాను. తమ్ముడికి మూడేళ్ల బట్టీ అరకప్పు.”

“చెప్పు. ‘వాడి చేతిలో నిండు కప్పు సాసరు మీద గలగలలాడుతోంది, ఇకమీదట సగమే పొయ్యి, ఎందుకో వాడికి తెలియనివ్వకు’ అని మూడేళ్ల కిందట నాతో అన్నది ఎవరనుకున్నావు? తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లు. నిద్రపోతున్నట్టు నటించలేక పక్కగదిలో ఆయన ఇందాకట్నించీ అవస్థపడుతున్నారు, పాపం.”