బొట్టు పెట్టిన తూటా

సుచిత్ర చౌరస్తాలో బంగారం దుకాణం షటర్ ఎత్తి, యజమాని పిస్తోలును గల్లా మీద పెట్టాడు. పటాలంలో ఆయుధాలు బాగుచేసి రిటైరై వచ్చిన బామ్మర్ది అందులోని తూటాలన్నీ తీసి వరుసగా నిలబెట్టాడు.

“బావా, గీ ఒక్కటే పొట్టిగుందేంది?”

“గది దసరా పూజల బొట్టు పెట్టిన తూటా. రోజూ పొద్దున ముందుగాల దాన్నే ఎక్కిస్త, సాయంత్రం దించుత.”

“అంటే దసరా కెల్లి, ఆరు నెలల సంది?”

“ఒక్కనాడు తప్పలే.”

“అంటే నూట ఎనబై దెబ్బలు! ఎక్కించినప్పుడల్లా దాని ముక్కు ఇనుముకు కొట్టుకుంటది. కొట్టుకొని కొట్టుకొని గుండు ఇత్తడి గొట్టంల లోపలికి దిగింది. మందుకు జాగ తక్కువైంది. గిప్పుడు పేలిస్తే పిస్తోలే నీ చేతిల పగులొచ్చు!”

“దేవుని ముంగట పెట్టింది, కీడు జేస్తదా?”

“దేవుడు రోజూ దాని తల బాదమన్నడా? తూకంల గురిగింజంత తేడా ఉన్నా గొలుసు వాపస్ ఇస్తవు. గిది కనబడలేదా?”

“పూజల పెట్టిందని పరీక్షగ చూడలే.”

“గిన్ని రోజులు దొంగ రాకపోవట్కె బతికినవ్!”

“మెల్లగ! మీ అక్కకు చెప్పకు.”

“చెప్త. ఆమె రోజూ నీ పక్కకే కూసుంటది. నువ్వు జల్దీ పోయి గీ తూటాను ఠాణాల అప్పజెప్పు.”

“దుకాణమో?”

“నేనుంట.”

“పిస్తోలు నీ దగ్గర పెట్టాల్నా?”

“వద్దు. ఒట్టి చేతులే నయం.”