క్యాచర్ మోకాళ్ళు

1998 ఫిబ్రవరి. ఇల్లందు దగ్గర ఒక బొగ్గుబాయి క్వార్టర్. లాల్‌సింగ్ మెడికల్ బోర్డు నుంచి వచ్చి అన్నానికి కుర్చీ లాక్కున్నాడు. ఆ కుర్చీ గురించే, అతను యాడీ అని పిలిచే తల్లి చాందికీ భార్య రూప్లికీ మాటామాటా పెరిగింది. కూతురు నిర్మల అన్నం వడ్డిస్తోంది.

"తల్లి కింద కూసోని తింటుంటే కొడుకు నెత్తిమీద కూసోని తినుడేంది రూప్లీ? నువ్వన్న చెప్పవా?"

"మోకాళ్ళు వంగయని నీకు తెల్వదా అత్తా? చెంబు పట్టుకొని పోతే గూడ గోడ పట్టుకొని లేస్తుండు."

"నేను ముసల్దాన్ని, నేను వంగుతలేనా?"

"నువ్వు బ్యాటోని ఎనక పొద్దందాక గొంతుకూసోలే గద యాడీ. నేను కూసున్న. కాలేజీ మొత్తంల క్యాచర్‌ను నేనొక్కన్నే."

"సదువుకొమ్మని ఖమ్మం పంపితే బేస్‌బాలట! ఎడ్లకు కట్టినట్టు మూతికి చిక్కం కట్టుకొని..."

"చిక్కమే గాని, ఆ ఆటను జూసే గదా అత్తా బాయిల నౌకరి ఇచ్చిండ్రు."

"ఇచ్చిండ్రు. వాని చేతేళ్ళు జూడు, అల్లం కొమ్ముల లెక్క."

"బాపూ, ఆ వంకరేలు ఫైనల్లనే విరిగిందా?"

"అవ్ బిడ్డా. వరంగల్ల."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే బయట కూసోబెడ్తరు. ఎనక దాసుకొని ఆడిన."

"గెలిచిండ్రా?"

"ఓడినం. అన్నం చాలు బిడ్డా."

"ఆటల ముచ్చట ఇడిసిపెట్టు. బోర్డుల ఏమన్నరు?"

"బస్సుల సీటు దొరకలే రూప్లీ. నిలబడే వచ్చిన."

"బస్సు సంగతి ఎవరడిగిండ్రు? అన్‌ఫిట్ రాసిండ్రా?"

"పచ్చడెయ్యి."

"రాయకేం జేస్తరు రూప్లీ? వీని నడక జూస్తే గుడ్డోడన్న రాస్తడు. ఐతారం పూల్‌సింగ్ వస్తుండు, మాట ఖాయం జేసుకుందం. అన్‌ఫిట్ అయినోని నౌకరి కొడుక్కిస్తరు, కొడుకు లేకుంటే అల్లునికిస్తరు. పూల్‌సింగ్ కొడుకు మోతీ మన నిర్మలను జేసుకొని బాయిల దిగుతడు."

"నానమ్మా, నాకు ఇంటర్ పరీక్షలున్నయి. తర్వాత నర్సు ట్రైనింగ్..."

"ఆడపిల్లలకు బాయి నౌకరి ఇయ్యరాయె. ఇస్తే నిన్నే దింపుదును."

"నానమ్మా!"

"అరవకు నిర్మలా. ఇటు జూడు. మొన్న బాయిల కప్పు కూలితే అందరు ఉరికిండ్రు. మీ బాపు లేవలేకపాయె. పక్కన పనిజేసే గంగయ్య రెక్క పట్టి గుంజకుంటే ఇయ్యాల ఈ కుర్చీల ఎవరుంటరు?"

"రూప్లీ, పిల్ల ముందట ఎందుకు గవన్నీ?"

"పిల్లకే చెప్పాలె. నాకు మొగుడు గావాలె. మల్ల నువ్వు దిగితే నాకు తిండి పోదు, నిద్ర రాదు."

"మరి మోతీ దిగితే, రూప్లీ?"

"వానికి కాళ్ళున్నయి. ఉరుకుతడు."

"అమ్మా, నేను చేసుకుంట తియ్."

"ఏందే?"

"మోతీని చేసుకుంట. బాపు దిగకుంటె చాలు."

"జూసినవా కొడకా, నా మనుమరాలు బంగారం. ఐతారం ఆకువక్క తెప్పియ్యి."

"ఆకువక్క అవసరం లేదు యాడీ. పూల్‌సింగ్‌ను రావద్దని కబురు జేసి వచ్చిన."

"ఎందుకు? ఆడు కట్నమేమన్న అడిగిండా?"

"ఆడేం అడగలే యాడీ."

"నువ్వుండు అత్తా. మరేంది? నా మొకం జూసి చెప్పు. బోర్డుల ఏం జేసినవ్?"

"డాక్టరు ఎక్స్‌రే జూసి, ఇంక నీతోని కాదు లాల్‌సింగ్ అన్నడు. అయితది సార్ అన్న."

"అయ్యో..."

"గొంతుకూసోని లెవ్వుమన్నడు. గోడ ముట్టకుంట లేసిన. మల్ల లెవ్వుమన్నడు, మల్ల లేసిన. ఎందుకయ్యా గింత పట్టుదల అన్నడు. బిడ్డ సదువుకుంటుంది సార్ అన్న."

"బాపూ, నాకొద్దు సదువు. ఇప్పుడే పోయి చెప్పు, మోకాళ్ళు నొస్తున్నయని చెప్పు!"

"కూసో బిడ్డా. నువ్వు తినలే ఇంకా. యాడీ, రూప్లీ, మీరు గూడ ఇనుండ్రి. ఫిట్ అని రాసిండు. రేపు మొదటి షిఫ్టుకు దిగుతున్న."