ఏడేళ్ళ లోను

సూరత్‌లో ఉధనా వైపు ఒక కార్ల షోరూమ్. కరోనా రెండో వేవ్ సద్దుమణిగిన 2021 సెప్టెంబరు నెలాఖరు. బల్లకు ఇటు రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన రామలింగేశ్వరరావు, అటు కార్లు అమ్మే, ఊళ్ళోనే భేస్తాన్ పేటకు చెందిన తెలుగమ్మాయి శ్రీప్రియ. మధ్యలో ప్లాస్టిక్ అద్దం, ఇద్దరి మొహాలకూ మాస్కులు.

"అది కాదమ్మా. ధర సంగతి అయిపోయింది. ధర దగ్గర నాకు పేచీ లేదు. నేనడిగేది ఏళ్ళ సంగతి."

"గదే సార్ నాకు సమజైతలేదు. ఈడికొచ్చినోళ్ళు ఎవలైనా ముందు ధర మీదనే పడతరు. మ్యాట్లు ఫ్రీ ఇయ్యి, సీట్ కవర్లు ఫ్రీ ఇయ్యి అంటరు. ఆఖరికి పూజ కొబ్బరికాయ సుత షోరూమోళ్ళే తేవాలె అంటరు."

"కొబ్బరికాయ నేను తెచ్చుకుంటాలే."

"మరి మ్యాట్లు?"

"ఇస్తే వద్దనను."

"ఇస్త సార్. మన తెలుగోళ్ళని ఇంకో ఐదువేలు సుత తగ్గిస్తనంటి. మీరు దాని మొకం సూస్తలేరు."

"సంతోషం. ఏళ్ళ సంగతి చెప్పు."

"మూడేళ్ళు రాసిన. మీ ఏజ్‌కు మూడేళ్ళు అయితే మంచిగ..."

"నా ఏజ్‌కా?"

"అంటే, గట్ల కాదు. కిస్తు జర పెద్దగైతది గని జల్ది ఒడుస్తది. నెత్తి మీద బరువుండదు అంటున్న."

"బరువు ఉండనీ. ఏడేళ్ళు రాయి."

"ఏడేళ్ళకు వడ్డీ ఎంతైతదో సూపెట్టిన కద. ఇగో, మల్లోసారి సూడుండ్రి."

"చూశానమ్మా. లెక్కలు నాకూ వచ్చు. పట్టాల కింద ఎంత కంకర పోయాలో లెక్కలేస్తూనే ఉద్యోగమంతా గడిపాను. ఆ కాగితం నీవైపు తిప్పుకో."

"వడ్డీ పైసలతోని ఓ మంచి బండొస్తది సార్, సెకండ్ హ్యాండ్‌ది."

"రానీ."

"ఈడి సేఠ్‌లు అర్ధ రూపాయి వడ్డీ తగ్గియ్యమని పొద్దుందాక కూసుంటరు. చాయ్ మీద చాయ్ తాగుతరు. మీరేమో వడ్డీ పెంచుమని కూసున్నరు."

"చాయ్ కూడా అడగలేదు చూడు."

"తెప్పియ్యాల్నా?"

"వద్దు, వద్దు. మాస్కు తీయాలి మళ్ళీ."

"తియ్యుండ్రి, అద్దముంది కద. మాట్లాడుకుంట నడుమ నడుమ ఆగుతున్నరు మీరు. దమ్మొస్తుందా?"

"మాస్కు కదా. దానివల్లే. ఆ బండిలో ఏసీకి దుమ్ము ఆపే జల్లెడ ఉంటుందన్నావు, ఉందా?"

"ఫిల్టర్ సార్. ఉంది. పొద్దుగాల సుత అడిగిండ్రు."

"అడిగానా? ఆటోల్లో దుమ్ము భరించలేకపోతున్నానమ్మా. అదీకాక సర్వీసంతా పాసు మీద తిరిగాను. పట్టాలు ఎటుంటే అటు. ఇప్పుడు నేను తిప్పిన వైపు తిరిగేది ఒకటి కావాలి."

"బండి మంచిదే తీస్కుంటున్నరు, దానికేం లేదు. గని ఎర్రది కావాల్నంటే జనవరి దాక ఆగాలె. చిప్పులు దొరుకుతలేవు. కరోనాల ఫ్యాక్టరీలు బందైనయి కద, బండ్లన్నీ గా చిన్న ముక్క కోసం ఆగినయి."

"జనవరా? అబ్బే. ఇప్పుడేం ఉంది?"

"యార్డుల తెల్లదొకటుంది. ఇయ్యాల బుక్ చేస్తే వారంల చేతికిస్త. గని మీకు ఎర్రది నచ్చిందంటిరి. దాని చుట్టు మూడుసార్లు తిరిగిండ్రు."

"నచ్చింది. తెల్లది కూడా నచ్చుతుందిలే. తెల్లదే రాయి."

"కారుకేమో గింత తొందర, కిస్తులకేమో గంత నిమ్మళం. మీ అసోంటి మనిషిని నేను సూడలే సార్."

"ఇప్పుడు చూశావుగా. ఏడు రాయి."

"ఒక మాట. మొత్తం క్యాష్ ఉందని మీరే అంటిరి పొద్దుగాల."

"ఉంది. ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంది."

"మరింకేంది? తీసి ఒక్కపాలి కడ్తే అయిపాయె."

"అయిపోకూడదనే కదమ్మా."

"ఏందీ?"

"ఏం లేదు. ఆ ఏసీ కొంచెం తగ్గించమంటావా వాళ్ళని?"

"బంద్ చేపిస్త. మీరు మాట దాటేస్తున్నరు సార్. ఏమనుకోకుండ్రి, అడుగుత. ఇన్‌కమ్‌టాక్స్ లొల్లి ఏమన్న ఉందా?"

"రైల్వే పెన్షనుకు లొల్లి ఏముంటుంది? చేతికివ్వక ముందే కోసుకుంటారు."

"మరి పిల్లలు పైసలడుగుతున్నరా? లోన్ ఉందని సూపెట్టనీకి చేస్తున్నరా?"

"ఒక్కతే అమ్మాయి. శ్రీలేఖ. నాగపూర్‌లో టీచరు. అడిగితే బాగుండుననుకుంటాను, అడగదు."

"ఆమెకు ఎరుకనా మీరు కారు కొంటున్నట్టు?"

"బండి ఇంటికొచ్చాక ఫోటో పంపిస్తాను."

"అంటే ఎరుక లేదు."

"నువ్వు కార్లమ్మాల్సిన పిల్లవి కాదు. పోలీసువి కావాల్సింది."

"మా అవ్వ గట్లనే అంటది. సరే, ఆమెకే ఫోన్ చేద్దాం. కో-అప్లికెంట్‌గ ఆమె పేరు ఎక్కిస్తే ఏడేళ్ళకు ఎవల్ని అడిగే పనే లేదు. ఆమె ఉమర్ తక్కువ కద. సంతకం ఫోన్లనే పెడ్తది, ఈడికి రావాల్సిన..."

"వద్దు."

"పూర్తిగ వినుండ్రి."

"విన్నాను. అమ్మాయి పేరు వద్దు. నా ఒక్కడి పేరు మీదే ఉండాలి."

"ఆమెతోని పడదా?"

"పడకేం. రోజూ పొద్దున ఫోన్ చేసి, నేను ఏం తిన్నానో చెప్పేదాకా పెట్టదు. అది వేరే. ఈ లోను మాత్రం నన్ను చూసి ఇవ్వాలి. నన్నొక్కణ్ణే."

"పోనీ ఇన్సూరెన్స్ తీస్కోండ్రి. బండిది కాదు, లోన్‌ది. రేపు మీకేమన్న అయితే... అయ్యో, అంటే అయితదని కాదు సార్, ఆళ్ళు కాగితం మీద గట్ల రాస్తరు..."

"నాకేమన్నా అయితే బాకీ వాళ్ళే కట్టుకుంటారు. అంతేనా?"

"హా. అది ఉంటే మా ఫైనాన్స్ జిగ్నేష్ భాయ్ నరమైతడు. ఏడేళ్ళంటే సప్పుడు చెయ్యడు."

"అప్పుడు వాళ్ళు నన్ను నమ్మినట్టు ఎట్లా అవుతుంది?"

"నమ్ముడేంది సార్? లోన్ కద."

"అదే, లోనే. ఇన్సూరెన్సు వద్దు."

"అమ్మాయి వద్దు, ఇన్సూరెన్స్ వద్దు, క్యాష్ వద్దు. ఏం కావాలె మీకు?"

"ఏడేళ్ళు."

"రామ రామ."

"నీకు అనుమానంగా ఉన్నట్టుంది. చెప్తాను విను. ఆ డిపాజిట్‌కి నామినీ మా అమ్మాయే. బండి మీద ఎంత బాకీ మిగిలినా అందులోంచి పోతుంది, పోగా ఇంకా మిగులుతుంది. ఎవరినీ ముంచడానికి రాలేదమ్మా నేను."

"ఛ, గా మాట నేనెందుకంట? మీరే మునుగుతున్నరని నా బాధ. సార్, నిజం చెప్తున్న. లోన్ చేపిస్తే నాకూ ఓ రూపాయొస్తది. ఇయ్యాల నెలాఖరు, మీ బండి ఒక్కటి ఎక్కితే నా టార్గెట్ అయితది. పోయినేడు మా కౌంటర్ల ఇద్దర్ని తీసేసిండ్రు."

"మరి నన్నెందుకు వెనక్కి లాగుతున్నావు?"

"నాకు సుత గదే సమజైతలేదు."

"ఏదో ఉండే ఉంటుంది. చెప్పు."

"మా బాపు భేస్తాన్‌ల సాంచలు నడుపుతడు. చీరెల బట్ట నేస్తరు, గవి. నా స్కూటీకి లోన్ తీస్కుండు. లాక్‌డౌన్ల సాంచలు బందైనయి. అప్పుడు బ్యాంకోళ్ళు మారటోరియం అని మెసేజ్ పంపిండ్రు. మా బాపు దాన్ని మాఫీ అనుకుండు."

"అయ్యో."

"అనుకుంటే అనుకుండు, గల్లి గల్లి తిరిగి చెప్పిండు. కిస్తులు మాఫీ, ఎవలూ కట్టకుండ్రని. గా సంబురంల మా పక్కింటి ఐలమ్మ పెద్దవ్వ సేమియా పాయసం సుత వండి పంచింది."

"తరవాత?"

"తరవాతేముంది, వడ్డీ మీద వడ్డీ. పాయసం తిన్నోళ్ళందరు మా ఇంటి ముంగటికొచ్చిండ్రు."

"మీ నాన్న ఏం చేశాడు?"

"ఏం చేస్తడు. ఈపాలి మా ఇంట్లనే పాయసం వండిపిచ్చి, అందర్ని కూసోబెట్టి చెప్పిండు. తప్పైంది, మాఫీ కాదట, ఆగుడేనట అని."

"తిన్నారా?"

"తిన్నరు. తిట్టుకుంట తిన్నరు."

"మంచివాళ్ళమ్మా. తిట్టినా తినే వెళ్ళారు చూడు. అయినా ఆగడమంటే చిన్న సంగతేం కాదు. కొన్నాళ్ళు ఆగితే చాలు దేవుడా అనుకునే రోజులుంటాయి."

"మీకచ్చిందా సార్, కరోనా?"

"వచ్చింది. ఏప్రిల్‌లో, అందరితో పాటే."

"దవాఖాన్ల ఉన్నరా?"

"ఉన్నాను. నా పక్క మంచం మీద వరాఛాలో వజ్రాలు సానబట్టేవాడు ఒకడుండేవాడు. వేలికి తగిలిస్తారే ఆక్సిజన్ మిషను, దాన్ని వెలుగులోకి పెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. తొంభై అయిదు చూపిస్తే మేలురకం, తొంభై దిగితే గాజుపెంకు అనేవాడు. నాది కూడా వాడే చూసి ధర కట్టేవాడు."

"మంచిగైండా?"

"అయ్యాడు. నాకంటే ముందే ఇంటికెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ వాడి ఫ్లాస్కు నా మంచం కింద పెట్టి వెళ్ళాడు, రాత్రిపూట వేడినీళ్ళకి వెతుక్కోకుండా. పేరు కూడా సరిగ్గా కనుక్కోలేదు నేను."

"మరి మేడమ్‌కు...? ఇంట్ల అందరికి అచ్చిందా?"

"ఆమె అంతకు ముందే వెళ్ళిపోయింది. ఈ జబ్బు పేరు కూడా వినలేదు. అప్పుడు నలుగురూ వచ్చారు. ముట్టుకున్నారు, ఏడ్చారు, భుజాల మీద మోశారు. ఆ తరవాత పోయినవాళ్ళకి అదీ లేకపోయె కదా. ఆ మాటకి ఆమె అదృష్టవంతురాలే."

"నీళ్ళు తాగుండ్రి సార్. జర మాస్కు దింపి తాగుండ్రి. నేను అటు తిరుగుత."

"తిరగక్కర్లేదులే. నువ్వు ఆ జిగ్నేష్‌కి ఫోన్ చెయ్యి."

"ఏడేళ్ళకేనా?"

"ఏడేళ్ళకే."

"చేస్త. గని నేను ముందుగాలే చెప్తున్న, ఆయన ఒప్పుకోడు. హా, జిగ్నేష్ భాయ్. శ్రీప్రియ బోల్ రహీ హూఁ. ఏక్ కస్టమర్ హై... నహీ, పెన్షన్‌వాలే. రైల్వే. హా, సాత్ సాల్... సాత్, సాత్... నహీ భాయ్, అకేలే... ఇన్సూరెన్స్ భీ నహీ... అరే, సునియే తో... భాయ్, మేరే పహచాన్‌వాలే హై, మేరే అంకుల్ సమఝియే... హా. హా. ఠీక్ హై."

"నేను నీకు అంకుల్‌ని ఎప్పుడయ్యాను?"

"ఇప్పుడే. ఫోన్ల అట్ల చెప్పకుంటే పని కాదు."

"ఏమన్నాడు?"

"ముందు తిట్టిండు."

"తరవాత?"

"కోపం జెయ్యకుండ్రి సార్. ఏడుకు ఒప్పుకోలే. డెబ్బై నిండేలోపల లోన్ తీరాల్నట, గది కంపెనీ రూలు, ఆయన చేతుల లేదట. మీకు అరవై నాలుగు నడుస్తుంది. ఆరేళ్ళంటే ఆరేళ్ళే అన్నడు. మూడే ఇస్తనన్నోడు ఆరు దాక వచ్చిండు, గదే ఎక్కువ."

"ఆరా?"

"ఆరు."

"అమ్మాయి సంతకం లేకుండా?"

"లేకుంట."

"ఇన్సూరెన్సు?"

"గదీ లేకుంట. మీ ఒక్కరి పేరు మీదనే."

"ఇంకేమన్నా అడిగాడా నా గురించి?"

"ఇల్లు సొంతమేనా అనడిగిండు. పాత బాకీలున్నయా అనడిగిండు. ఇంక, మనిషెట్లున్నడు అన్నడు."

"నువ్వేమన్నావు?"

"మంచిగున్నడు, గట్టిగున్నడు, పొద్దుగాలకెల్లి నాతోని బేరం చేస్తనే ఉన్నడు అన్న. ఏం, తప్పు చెప్పిన్నా?"

"లేదమ్మా. తప్పు చెప్పలేదు. అంటే, ఆరేళ్ళపాటు నెలనెలా కడుతూ ఉంటానని వాళ్ళకి నమ్మకమే."

"నమ్మకం లేకుంటే పైసలెట్లిస్తరు సార్? మా జిగ్నేష్ భాయ్ సొంత బావమరిదిని నమ్మడు."

"అయితే మరీ మంచిది. సంతకం ఎక్కడ పెట్టాలి? ఇక్కడేనా?"

"ఆగుండ్రి. పెన్ను పక్కన పెట్టుండ్రి జర. ఇందాకట్నుంచి ఏడు, ఏడు అని కొట్లాడిండ్రు. ఆరనంగనే ఒక్క మాట అనకుంట సంతకం పెడ్తున్నరు. పైంగ నవ్వుతున్నరు. మాస్కున్నా నాకు కండ్లు కనవడ్తనే ఉన్నయి. అసల్ ముచ్చటేంది, ఇప్పుడన్న చెప్పుండ్రి."

"మొన్న స్కాన్ చూసి మా ఊపిరితిత్తుల డాక్టరు గారు, ఏడాదికి మించి తానేమీ చెప్పలేనన్నారమ్మా. కావాలంటే ఇంకొకళ్ళని కూడా అడిగి చూసుకోమన్నారు. అందుకే ఇటొచ్చాను."