పినాంగు జాజికాయ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. తిరుపతిలో గోవిందరాజస్వామికి దండం పెట్టుకొని, ముసలామె ఎప్పటిలాగే సంబారాల అంగడికి వచ్చింది. ప్రతి శనివారం అడిగే మాటే అడిగింది.

"పినాంగు జాజికాయ వచ్చిందా శెట్టీ?"

"లేదు పెద్దమ్మా."

"వాసన వస్తాండాదే. దాచినావా?"

శెట్టి తల వంచుకున్నాడు.

"జాజికాయ వచ్చిందంటే ఆ మలయా దేశం నుంచి మళ్ళీ ఓడలు నడుస్తాండాయని నువ్వే గదా చెప్పినావు. ఓడొస్తే ఆడికి తోటపనికి పోయిన నా కొడుకూ వస్తాడు."

"ఓడొచ్చి నెలయింది పెద్దమ్మా. మద్రాసు రేవులో దిగినోళ్ళందర్నీ మా బామ్మర్ది అడిగినాడు."

"ఏమన్నారు?"

"నీ కొడుకు పోయినేడే జొరంతో పోయినాడంట. తోటలో వానితో పనిచేసినోడే చెప్పినాడు."

ఆమె చేతిలోని సంచి మడిచి చంకన పెట్టుకుంది.

"నువ్వు దాచిన ఈ నెలా వాడు నాకు బతికే ఉండె. వచ్చే శనివారం వచ్చి నేనేమని అడిగేది నాయనా?"