బావిలో బూచి అరుపు

ఉత్తరపు చేలల్లో పాడుబడ్డ మోటబావి ఉందే, అటు పగటిపూట కూడా గొడ్లను ఎందుకు తోలరో తెలుసా మీకు? ఇట్టా దగ్గరికి జరగండి, చెబుతా.

మా పక్కింట్లో నాంచారమ్మ అని ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా బూచి అని ఒక నల్లకుక్క, దానికి పెట్టందే తను ముద్ద ముట్టేది కాదు. ఒక ఎండాకాలం అది ఉడుమును తరుముకుంటా పోయి ఆ బావిలో పడింది, ఆమె మనుషుల్ని పిలిచి, మోకు తెచ్చేసరికి అరుపు ఆగిపోయింది. ఇంక చేసేదేముంది, పైకి తీసి పెరట్లో పాతిపెట్టారు, ఆమే తన చేత్తో మట్టేసింది కూడాను.

ఇక ఆమె తల దువ్వదు, పొయ్యి రాజెయ్యదు. మనిషి పోతే పదిమంది వచ్చి పక్కన కూర్చుంటారు, కుక్క పోతే ఎవరొస్తారు చెప్పండి? కుక్క కోసం ఏడుపేంటని ఊళ్ళో నవ్వారు. ఆమె తమ్ముడు పిచ్చయ్య ఒక్కడే జాలిపడి, ఒక కూనను తెచ్చి ఒళ్ళో పెడితే, దాన్ని మెల్లగా కింద దించేసి, నాకు కుక్క కావాలని ఎవరన్నార్రా, నాకు బూచి కావాలి అందంట.

అట్టా ఉండగా ఒక సాయంత్రం చితుకులకని అటు పోయి, మొహం వెలిగిపోతా వచ్చింది. బూచి బావిలోంచి అరుస్తోందిరా అంది. పిచ్చయ్య పోయి వంగి విన్నాడు. విన్నాడు గానీ, అతనికి వినపడింది కుక్క అరుపు కాదు, పసితనంలోనే జ్వరమొచ్చి పోయిన తన కూతురి గొంతు, నాన్నా, నాన్నా అని. ఒక్క పరుగున ఇంటికొచ్చి, అక్కా, అది బూచి కాదే, లోపలున్నదేదో ఎవరికి ఎవరు కావాలో ఆ గొంతుతో పిలుస్తోంది, ఇంకెప్పుడూ పోవద్దే అని కాళ్ళు పట్టుకున్నాడు.

ఆమె ఏమందో తెలుసా?

"తెలుసురా. బూచి నా మీద ఏనాడూ అరిచిందే లేదు, కుయ్‌కుయ్ మనేది అంతే. కానీ నన్ను పిలిచే గొంతు ఇంకోటి లేదు కదరా."

మర్నాడు మధ్యాహ్నం, పిచ్చయ్య చేలో ఉన్నప్పుడు, పాలన్నం కలుపుకుని పోయింది. వెతుక్కుంటా వెళ్ళినవాళ్ళకి బావి గట్టు మీద గిన్నె కనపడింది, నాకినట్టు శుభ్రంగా. ఆమె నీళ్ళలో ఉంది.

పెద్దలు కాదన్నా వినకుండా పిచ్చయ్య ఆమెను పెరట్లో కుక్క పక్కనే పూడ్చాడు.

ఇప్పటికీ పిలుస్తానే ఉంటుంది ఆ బావిలోది. ఇంట్లో ఎవర్నీ పోగొట్టుకోనివాళ్ళు మీలో ఉంటే ఆ దారిన నిక్షేపంగా పోండి, ఏమీ వినపడదు. మిగతావాళ్ళు కాలవగట్టు చుట్టూ తిరిగి పోండి, కాస్త దూరమైనా.