డొంక కోసం నిలబడ్డ చెంచమ్మ

చెంచమ్మ సర్పంచుకి నిలబడిందని తెలియగానే ఎర్రవాగుపల్లె పెద్దబజారంతా పడీపడీ నవ్విందంట. గొర్రెలు తోలుకునే ఆడమనిషికి కుర్చీ ఎందుకంటా అని. మీరు ఆమెని చూళ్ళేదు గదా, చెప్తా వినండి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేదనుకో. గొంతు మాత్రం, వాగు ఇవతల నుంచి ఒక్క కేకేస్తే అవతల గట్టున మేసే గొర్రె మేత ఆపి తలెత్తి చూసేదంట. మొగుడి పేరు యల్లమంద. ఊరికి పడమటగా గొల్లపాలెంలో వాళ్ళ ఇల్లు. ఆ పాలెంలో అందరివీ జీవాలే, అందరి బతుకూ వాటెంటే. మరి ఆమెకి ఈ ఎన్నికల పిచ్చి ఎందుకు పట్టిందీ అంటే, డొంక వల్ల. డొంకంటే తెలుసా, పొలాల నడాన ఊరందరికీ ఉమ్మడిగా ఉండే బాట. ఎవడి అబ్బ సొత్తూ కాదు. మందలు వాగుకి నీళ్ళకి దిగాలంటే ఆ డొంకనే పోవాలి. తాతల నాటి నుంచీ గొర్రెల కాళ్ళు తొక్కీ తొక్కీ బండిబాటంత లోతు పడిపోయింది. అట్టాంటి డొంకకి రెండు పక్కలా రామకోటయ్య బత్తాయి తోటేశాడు. ఈ రామకోటయ్య ఎవరయ్యా అంటే, అప్పటి సర్పంచు ఆయనే. తోటకి కంచె కట్టేటప్పుడు ఏం చేశాడు, రెండు తోటలకి రెండు కంచెలు ఎందుకని డొంకని కూడా కలిపేసి ఒకటే ముళ్ళతీగ చుట్టి, ఇనప గేటు పెట్టి, ఇంత తాళం వేశాడంట. అడిగేవాడెవడు! సర్పంచు ఆయనే, తోట ఆయనదే, తాళం ఆయనదే.

అప్పట్నించీ మందలు తారురోడ్డు మీదగా చుట్టు తిరిగి వాగుకి పోవాల్సొచ్చింది. ఆ రోడ్డు మీద లారీలు ఆగుతాయా? ఒకరోజు పొద్దున్నే చెంచమ్మ కళ్ళ ముందే ఒక లారీ సూడి గొర్రెల మీద నుంచి పోయిందంట. కడుపుతో ఉన్న జీవాలు. ఆమె రోడ్డు మీదే కూలబడిపోయింది. లేచి మండలాఫీసుకి పోయింది. వాళ్ళు ఏమన్నారు? ఇది పంచాయతీ సంగతమ్మా, మీ సర్పంచుని అడుక్కోపో అన్నారు. సర్పంచు దగ్గరికి పోతే ఆయన కాలు మీద కాలేసుకుని, చూద్దాంలే చెంచమ్మా అన్నాడు. చూద్దాంలే అంటానే ఉన్నాడు, ఏళ్ళు పోతానే ఉన్నాయి. యల్లమంద విసిగిపోయాడు. ఇదిగో ఇదే ఆఖరు, ఈ ఏడు కూడా డొంక తెరవకపోతే మంద మొత్తం అమ్మేసి టౌనుకి పోయి ఏదో అపార్టుమెంటు ముందు కుర్చీలో కూచుంటా, నువ్వు పైవాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోముకో అన్నాడంట. ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. అందుకని సర్పంచు పదవి ఈసారి ఆడోళ్ళకని తెలియగానే, ఎవర్నడిగినా ఆ కుర్చీ దగ్గరికే పంపిస్తన్నారు గదా, అయితే ఆ కుర్చీనే అడుగుతా అని పోయి నిలబడింది. గుర్తు కత్తెరొచ్చింది. పాలెం ఆడోళ్ళంతా, ముళ్ళతీగకి సరైన గుర్తే ఇచ్చారే వదినా అని ఒకటే నవ్వు.

ఆడోళ్ళ సీటు అయ్యేసరికి రామకోటయ్య తన భార్యని నిలబెట్టాడు. సీతారావమ్మ. ఉంగరం గుర్తు. పెళ్ళై ఆ ఇంటికొచ్చాక ఆమె బజారు దాటింది లేదంట. నడుముకి తాళాల గుత్తి, వంటిల్లు, పాలేళ్ళకి అన్నాలు, అంతే ఆమె లోకం. ఆమె అంటే ఎవరికీ కోపం లేదు, ఎందుకంటే ఆమెని చూసినోళ్ళే లేరు. రామకోటయ్య ఆమెకి నేర్పించాడంట. ఇంటింటికీ పోయి దణ్ణం పెట్టు. గొల్లపాలెం పోయినప్పుడు మాత్రం డొంక తెరిపిస్తానని చెప్పు. ఆమె, నిజంగా తెరుద్దామా అండీ అనడిగితే, ముందు చెప్పవే, నోటితో చెప్పడానికేం పోయింది అన్నాడంట. చూశారా వీళ్ళ తెలివి! ఆమె అట్టాగే పాలెంలో గడపగడపకీ పోయి, తలుపు తీసిన ప్రతి ఆడమనిషి చెయ్యి పట్టుకుని, డొంక తెరిపిస్తానమ్మా, మాట ఇస్తన్నా అని చెప్పొచ్చింది. ఒక ముసలమ్మ ఆమెకి మజ్జిగిచ్చి దిష్టి కూడా తీసిందంట. ఆ తెచ్చిపెట్టుకున్న మాట ఆమె లోపల్లోపల నిజం మాటైపోతా ఉందని ఆ మొగుడికేం తెలుసు!

ఇక రామకోటయ్య ధైర్యం ఏందంటే, గొల్లపాలెంలో ఓట్లున్నాయి గానీ ఓట్లేసే మనుషులు లేరు. అది కోతలైపోయిన కాలం. మగోళ్ళంతా మందలు తోలుకుని మేత కోసం కింద మాగాణి ఊళ్ళకి పోయున్నారు. వాళ్ళు వచ్చేదెట్టా, మందని వదిలి ఒక్కడు కదలడు, ముసలోళ్ళూ ఆడోళ్ళూ కలిపి ఏపాటి, అని అరుగు మీద కూచుని మీసం దువ్వుతున్నాడంట. చెంచమ్మ మొగుడికి ఫోను చేసింది. ఓట్లకి రావాలయ్యా అంది. మందని వదిలి ఎట్టా వస్తామే, నీకేమన్నా మతి ఉందా అన్నాడు యల్లమంద. మందని వదలమని ఎవరన్నారు, మందతోనే రాండి అంది ఈమె.  పక్కనున్న పెద్దాయన పిచ్చయ్య, యల్లమందకి చిన్నాన్న, ఫోను లాక్కుని, పిల్లా, దారంతా నడిపిస్తే జీవాలు చిక్కిపోతాయే అన్నాడంట. చిన్నమావా, డొంక లేకపోతే చిక్కడానికి జీవాలే ఉండవు అంది చెంచమ్మ. ఆ మాటతో మందలన్నీ మళ్ళించారు.

ఓట్ల రోజు వచ్చింది. బడి దగ్గర జనం. పోటీ చేసే ఆడోళ్ళిద్దరికీ బడి ప్రహరీ బయట నీడలో చెరో కుర్చీ వేశారు. మందలొస్తన్నాయని తెలిసి రామకోటయ్య, బడి ఎదురుగానే ఉన్న డొంక గేటు దగ్గర మనుషుల్ని సర్దుకుంటన్నాడు. ఈ ఇద్దరూ కాసేపు ఎడమొహం పెడమొహం. ఆఖరికి సీతారావమ్మే, ఏం చెంచమ్మా, మీ వాళ్ళు ఇంకా రాలేదే అనడిగిందంట. వస్తారమ్మా, గొర్రె నడకే గదా అంది ఈమె. ఇట్టా బయట కూచుంటే భలే ఉందే, ఎవరెవరో పోతన్నారు, ఎవరెవరో వస్తన్నారు, నేను మా దొడ్డిగోడ తప్ప చూళ్ళేదు అని సీతారావమ్మ పిల్లలా చుట్టూ చూస్తందంట. చెంచమ్మకి నవ్వొచ్చింది. గెలిస్తే రోజూ చూడొచ్చులే అంది. గెలిస్తే ఆయన కూచుంటానన్నాడుగా కుర్చీలో అని ఆమె చిన్నగా అందంట. అని తల తిప్పేసుకుంది. ఆ మాట చెంచమ్మకి చెవిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం తిరిగింది. ఇంక తలుపులు మూసే వేళ. అప్పుడు పడమట దుమ్ము లేచింది చూడండీ! మొదట ఎవరో లారీ అనుకున్నారంట. ఆ దుమ్ములోంచి గంటల చప్పుడు, కుక్కల మొరుగు, ఎనకాల గొంగళ్ళు భుజాన వేసుకుని గొల్లపాలెం మగోళ్ళంతా. పొద్దున్నుంచీ చుక్క నీళ్ళు తాపకుండా తోలుకొచ్చారు, ఆలస్యమైపోద్దని. ఏమైందంటే, బడి దగ్గరకొచ్చేసరికి జీవాలకి వాగు తడి వాసన తగిలింది. పాత పొట్టేళ్ళు ముందున్నాయి, వాటికి డొంక గుర్తుంది. బడి మాట మరిచి నేరుగా గేటు మీద పడ్డాయి. ఎనక నుంచి మందలు నెట్టేస్తన్నాయి, ముళ్ళతీగకి ఉన్ని చిక్కుకుంటంది. గేటు లోపల రామకోటయ్య మనుషులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్క గొర్రె తోటలో కాలు పెట్టినా అన్నిటినీ బందెలదొడ్డికి తోలి జరిమానా కట్టిస్తాం అని అరుస్తన్నారు. వాళ్ళకి కావాల్సింది అదే. మనుషులు మందలు వదిలి ఓటుకి పోతే గొర్రెలు తోటలో పడతాయి, పోకపోతే ఓట్లు పడవు. బడి దగ్గర నుంచి పోలీసాయన, ఇంకెవరన్నా ఉంటే లైనులోకి రండి, టైమైపోతంది అని కేకేశాడు. యల్లమంద చేతులు చాచి మందకి అడ్డంగా నిలబడి, చెంచమ్మ వైపు చూశాడంట. ఏం చెయ్యమంటావే, ఇంత దూరం తోలుకొచ్చాం గదా అని. 

చెంచమ్మ కుర్చీలోంచి లేచింది. గేటు దగ్గరికి పోలేదు. సీతారావమ్మ ముందుకి పోయి నిలబడింది. వదినా అంది. అంతకుముందు అమ్మా అని పిలిచిన మనిషి, వదినా అంది. వదినా, మా పాలెంలో గడపగడపకీ వచ్చి డొంక తెరిపిస్తానని చెప్పావా లేదా? చెప్పాను అంది ఆమె. ఆ గేటు తాళంచెవి నీ నడుముకి ఉన్న గుత్తిలో ఉందా లేదా? సీతారావమ్మ గుత్తి మీద చెయ్యేసుకుంది. ఉంది, కానీ గెలిచాక గదా చెంచమ్మా, అయినా ఆయన్ని ఒక మాటడగాలి గదా అంది. అప్పుడు చెంచమ్మ అడిగింది, సర్పంచువయ్యాక కూడా ఆయన్నే అడుగుతావా వదినా? అని. అంతే అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు.  ఆ తల్లి కొంగు నడుముకి దోపుకుని, లేచి, జనం మధ్యలోంచి గేటు దగ్గరికి నడిచిందంట. రామకోటయ్య, ఏందే, ఏందే నువ్వు చేసేది అని ఎదురొచ్చాడు. మీరు చెప్పమన్నారు, చెప్పాను. వాళ్ళు నమ్మి నాకు మజ్జిగిచ్చారు. జరగండి అంది. తాళం తీసింది. మందలు ఒక్కటంటే ఒక్క బత్తాయి ఆకు ముట్టకుండా, నేరుగా డొంకలో పడి, వాగులోకి దిగిపోయాయి. ముసలోళ్ళు కాపలా నిలబడ్డారు, మగోళ్ళు గోచీలు సర్దుకుంటా బడికేసి పరిగెత్తారు.

ఇంక చెంచమ్మ గెలిచినట్టే అనుకుంటన్నారు గదా? ఆగండి. లైనులో నిలబడ్డాక పిచ్చయ్య గొంతు సవరించుకున్నాడంట. గొల్లోళ్ళకి ఒక కట్టుబాటుంది. దారిలో మందకి ఎవరన్నా నీళ్ళు తాపితే పొద్దుగూకే లోపల ఆ రుణం తీర్చాలి. కుండెడు పాలియ్యాలి, లేదా ఆ రాత్రి వాళ్ళ పొలంలో ఎరువు కోసం మంద కట్టాలి. పిచ్చయ్య అన్నాడూ, ఒరేయ్, ఆమె తాళం తీసి నీళ్ళు తాపింది, మన దగ్గర పాలు లేవు, రాత్రికి మంద కట్టడానికి ఆమె పొలమంతా తోటే. ఇప్పుడు చేతిలో ఉన్నది ఓటొక్కటే గదరా అని.  చిన్నమావా, నీ మొహం మండా, దేనికొచ్చారు, ఏం మాట్లాడతన్నావు అని చెంచమ్మ ఎగిరింది. పోలీసాయన లాఠీ ఊపి, ఏయ్, లైనులో ప్రచారం చెయ్యకూడదమ్మా, నోరు ముయ్ అన్నాడు. ముయ్యక ఏం చేస్తది! పళ్ళు కొరుక్కుంటా నిలబడింది. పాలెం మగోళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయొచ్చారు, ఒక్కొక్కరే ఆమె మొహం చూడకుండా పక్కకి పోయారు.

సాయంత్రానికి లెక్కపెట్టారు. సీతారావమ్మ గెలిచింది. కొద్దిపాటి ఓట్లే తేడా, ఆ కొద్దీ ఎవరివో ఊరందరికీ తెలుసు. రామకోటయ్య తారాజువ్వలు కాల్పించాడు. చెంచమ్మ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. యల్లమంద గుమ్మంలో నిలబడి, నేను మాత్రం నీకే వేశానే అన్నాడంట. నిన్నడిగానా అంది. అడగక ముందే చెప్పడం మంచిదని అన్నాడు. ఆ ఏడుపులో కూడా ఆమెకి నవ్వొచ్చింది. కానీ పొద్దున్నే చూస్తే ఏముంది, డొంక గేటుకి కొత్త తాళం! దాని తాళంచెవి రామకోటయ్య జేబులో. చూశావా, అమ్మేద్దాం, ఇంక ఒద్దు అన్నాడు యల్లమంద. ఆమె సర్పంచుగా ప్రమాణం చేసేదాకా ఆగు అంది చెంచమ్మ.

ప్రమాణం రోజు సీతారావమ్మ పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూచుందో లేదో, బయట గంటల చప్పుడు. చెంచమ్మ మందలన్నీ తోలుకొచ్చి ఆఫీసు ముందు నిలబెట్టింది. లోపలికి రాలేదు, వాకిట్లోంచే, ఆ గొంతుతో, సర్పంచు గారూ, జీవాలకి దాహమేస్తంది అని ఒక్క కేకేసిందంట. సీతారావమ్మ లేచింది. మొగుడు చెయ్యి పట్టుకున్నాడు, విడిపించుకుంది. అందరితో కలిసి డొంక దాకా నడిచి, ఆ కొత్త తాళం పట్టుకుని చూసింది. దీని తాళంచెవి నాకియ్యలేదు అంది. ఎనక్కి తిరిగి, కంచె స్తంభాలకి తాళాలుండవు గదా చెంచమ్మా, పంచాయతీ డొంకలో ఉన్న స్తంభాలన్నీ పీకించు, నేనిక్కడే నిలబడతా అంది. అంతే, ఆడా మగా కంచె మీద పడ్డారు. రామకోటయ్య అరిచాడు గానీ, సర్పంచు మీద కేసు పెడితే ఇంట్లో అన్నం ఎవరు పెడతారు! పొద్దుగూకేసరికి డొంక ఆ కొస నుంచి ఈ కొస దాకా తెరుచుకుంది. యల్లమంద మంద అమ్మలేదు.

కొంతమంది చెప్తారు, ఆ పెద్దింటి తల్లి దయ వల్ల డొంక వచ్చిందని. నాకు ఒళ్ళు మండుద్ది. దయ అన్నేళ్ళూ యాడ పడుకుంది? ఎదురుగా పోయి నిలబడి అడిగినోళ్ళుంటేనే గేట్లు తెరుచుకుంటాయి. ఆ తల్లికి కూడా అడిగినోళ్ళుండబట్టే కుర్చీలో కూచోడం వచ్చింది, అది మాత్రం ఒప్పుకోవాల. చెంచమ్మ వచ్చే ఎన్నికలకి మళ్ళీ నిలబడతదంట. ఇప్పట్నించే పాలెం మగోళ్ళని పిలిచి పిలిచి చెప్తందంట: ఒరేయ్, ఈసారి ఓట్ల రోజు జీవాలకి ఇంటికాడే నీళ్ళు తాపి మరీ రండిరా అని. పిచ్చయ్య సరేనన్నాడంట. అన్నాడు గానీ, ఆయన్ని నమ్మేదెట్టా చెప్పండి!