స్కోపు పెడితే నిలకడ

గవర్నర్‌పేట వర్క్‌షాపులో, చేపల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మిషన్ ముందు, కరెంటు తీరును గీతగా చూపించే స్కోపు పక్కన పెట్టుకుని అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. చేపల రైతు సూరయ్య చెరువులో వాళ్లు బిగించింది కూడా ఇలాంటిదే. చెల్లెలికి కుదురుగా ఉండబుద్ధి కావడం లేదు.

"అన్నయ్యా, దీంట్లోనూ అంకెలు ఎగురుతున్నాయి. కరెంటు నిలకడగా రావట్లేదు."

"స్కోపు పెట్టా, చూడు. గీత తిన్నగానే ఉందిగా."

"ఇప్పుడు అంకెలూ నిలబడ్డాయి. ఏదీ, స్కోపు తియ్యి."

"తీశా."

"మళ్లీ ఎగురుతున్నాయి! స్కోపు తగిలినంతసేపే ట్రాన్సిస్టర్ ఊగకుండా ఉంటోంది. చెరువు దగ్గరా మనం స్కోపు పెట్టే చూశాం."

"ఆ ట్రాన్సిస్టర్ బేస్ కాలికి చిన్న రెసిస్టర్ వెయ్యి."

"వేశా. స్కోపు లేకుండానే నిలబడింది! సూరయ్యగారికి ఫోన్ చెయ్యి."

"నువ్వు చెయ్యవే."

"అంకెలు ఎగరట్లేదు, మీరే అబద్ధాలాడుతున్నారని గట్టు మీద అందరి ముందూ అరిచింది నేనా?"

అన్న స్పీకర్ పెట్టి ఫోన్ కలిపాడు.

"సూరయ్యగారూ, మీరన్నదే నిజమండీ. తప్పు మా మిషన్‌దే. ఇప్పుడే వచ్చి బాగుచేస్తాం."

"తొందరేం లేదు బాబూ. చచ్చిన చేపలు ఏరుతున్నాం. మళ్లీ చేపపిల్లల్ని వేశాక వద్దురుగాని."